హోటల్ కిచెన్‌లో హెల్పర్‌గా చేరేవాళ్లకి

హోటల్ కిచెన్‌లో హెల్పర్ పని ఎవడైనా చేస్తాడు అంటారు. నిజమే, మొదటి వారం ఎవడైనా చేస్తాడు. ఆ తర్వాత అదే ఉల్లిపాయ, అదే డేగ్షా (పెద్ద వంట గిన్నె), అదే తడి నేల రేపూ ఎల్లుండీ ఉంటాయని తెలిశాక నిలబడటమే కష్టం. మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర ఊరు. ఫలక్‌నుమా ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి, కూకట్‌పల్లి వైపు ఒక బిర్యానీ హోటల్లో కటింగ్‌లో, అంటే కూరగాయలు తరిగే పనిలో చేరాను. ఇప్పుడు కర్రీ సెక్షన్‌లో మాస్టర్ (పెద్ద వంటవాడు) కింద సెకండ్‌గా ఉన్నాను. నాతోపాటు చేరినవాళ్లలో కొందరు ఊరెళ్లిపోయారు, కొందరు ఇంకా కటింగ్‌లోనే ఉన్నారు. వాళ్లేమీ బద్ధకస్తులు కారు, నాకంటే ఎక్కువ కష్టపడినవాళ్లూ ఉన్నారు. నాకు అర్థమైనంతలో ఒళ్లు పాడవకుండా చూసుకున్నవాడు, అడ్వాన్సులో ఇరుక్కోనివాడు, చెయ్యి ఉల్లిపాయ మీదున్నా చెవి పొయ్యి దగ్గర పెట్టినవాడు పైకొచ్చాడు. కింద రాసేదంతా ఈ మూడింటి గురించే.

చేరేముందు

జీతం ఎంతని అందరూ అడుగుతారు. నేను చూసిన హోటళ్లలో కొత్త హెల్పర్‌కి తిండి, రూము పెట్టి 12,000 నుంచి 15,000 దాకా చెబుతారు. వెయ్యి రూపాయల కోసం బేరమాడే ముందు డ్యూటీ సంగతి తేల్చుకో. స్ట్రెయిట్ డ్యూటీయా, బ్రేక్ షిఫ్టా? బ్రేక్ అంటే పొద్దున పదింటికి ఎక్కి మూడున్నరకి దిగడం, మళ్లీ ఆరున్నరకి ఎక్కి రాత్రి పన్నెండు దాకా. చెప్పేటప్పుడు పది, పదకొండు గంటలే అంటారు, ఒంటికి మాత్రం పద్నాలుగు గంటల లెక్క. అందుకే రూము ఎంత దూరమో అడుగు. నడిచి వెళ్లేంత దగ్గరైతేనే మధ్యాహ్నం ఆ మూడు గంటలు నీవి. బస్సెక్కాల్సి వస్తే అవి పోయినట్టే.

వారం సెలవుందా, ఆ రోజు జీతం కోస్తారా, మొదట ఎన్ని రోజుల జీతం పట్టి ఉంచుతారు, ఇవి కూడా అడుగు. చాలాచోట్ల పది పదిహేను రోజుల జీతం తమ దగ్గరే ఉంచుకుని మానేసేటప్పుడు ఇస్తామంటారు. ఆ మాట ఓనర్ నోటితోనే అనిపించు. మేనేజర్లు మారిపోతుంటారు. ఆధార్ జిరాక్స్ ఇవ్వు. ఒరిజినల్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు, "లాకర్లో భద్రంగా ఉంటుందిలే" అన్నా సరే.

రూము చూడకుండా ఒప్పుకోకు. పరుపు అంచు ఎత్తి నల్లులున్నాయేమో చూడు. ఎంతమందికి ఒక బాత్రూమో అక్కడ ఉండే కుర్రాళ్లని అడిగితే నిజం చెబుతారు.

వచ్చేటప్పుడు ఊరి నుంచి బట్టలు ఎక్కువ తేకు. ఆ డబ్బుతో అడుగు జారని బూట్లు కొను. చెప్పులతో కిచెన్‌లో తిరిగేవాడి పాదం మీద ఎప్పుడో ఒకప్పుడు గంజి పడుతుంది, లేదా నూనె. నూలు బట్టలే వేసుకో, నైలాన్ టీషర్టుకి నిప్పంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. సాక్సులు మూడు నాలుగు జతలు, ఒక వాజిలీన్ డబ్బా, ఒక మంచి కత్తి. హోటల్ కత్తులు పదిమంది చేతుల్లో పడి మొండిగా ఉంటాయి. నీ కత్తి నీకుంటే రోజుకి గంట పని తగ్గుతుంది. దాని పిడికి రంగు దారం చుట్టుకో, లేకపోతే వారంలో మాయమవుతుంది.

ఉల్లిపాయ

నీ మొదటి ఉద్యోగం ఉల్లిపాయే. బిర్యానీ హోటల్లో శని, ఆదివారాలు బస్తాల లెక్కన నడుస్తుంది, బస్తా అంటే 50 కిలోలు. పెద్ద హోటళ్లలో స్లైసర్ మెషిన్ ఉంటుంది కానీ పొట్టు తీసే పని మనిషిదే.

బస్తా విప్పగానే నాలుగైదు కాయలు చేత్తో నొక్కి చూడు. మలక్‌పేట మార్కెట్ నుంచి ఒక్కో వారం ఒక్కో రకం సరుకు వస్తుంది. నిల్వ ఉన్న మహారాష్ట్ర ఉల్లి అయితే పొట్టు గలగలా ఊడొస్తుంది. కర్నూలు నుంచి వచ్చిన కొత్త ఉల్లి అయితే తడి ఎక్కువ, పొట్టు కాయకి అంటుకుని ఉంటుంది, పని గంట సాగుతుంది. ఆ సంగతి మాస్టర్‌కి ముందే చెప్పు. ఎందుకంటే తడి ఉల్లి నూనెలో వేగడానికీ ఎక్కువసేపు పడుతుంది, ఆయన పొయ్యి ముందుగా వెలిగించుకోవాలి. ఈ ఒక్క కబురుతో కొత్త కుర్రాడివి ఆయన కంట్లో పడతావు.

ఒక్కో కాయనీ మొదలు నుంచి చివరిదాకా పూర్తి చేసుకుంటూ పోకు. పావు బస్తా టబ్బులోకి దించు. అన్నింటికీ పైనా కిందా కోసెయ్. తర్వాత అన్నింటినీ నిలువునా రెండు చెక్కలు చెయ్. తర్వాత అన్నింటికీ పొట్టు లాగెయ్. తరగడం చివర్లో. ఇలా చేస్తే చెయ్యి ఒకే కదలికలో ఉంటుంది, కత్తి కింద పెట్టి పైకి తీసే పని తప్పుతుంది. తరిగేటప్పుడు ఎడమచేతి వేళ్ల కొనలు లోపలికి మడిచి, కణుపులు కత్తికి ఆనించు. అప్పుడు కత్తి జారినా కొన తెగదు. తరిగే చెక్కపలక కింద తడిగుడ్డ పరిస్తే అది కదలదు. బల్ల నీ మోచేతికి కాస్త కిందుగా ఉండాలి. మరీ పల్లంగా ఉంటే కింద ఇంకో చెక్క వేసుకో, నడుము నొప్పి సగం అక్కడే వస్తుంది. కత్తిపీట మీద అలవాటున్నవాళ్లు దాని మీదే చేయండి, ఎవరో నవ్వారని మానకండి. మా దగ్గర పనిచేసే ఒక అక్క కత్తిపీట మీద కూర్చుంటే ఇద్దరు కుర్రాళ్లు అందుకోలేరు.

కళ్ల మంటకి ఊరంతా చిట్కాలు చెబుతారు. నోట్లో నీళ్లు పట్టుకో, నెత్తి మీద పొట్టు పెట్టుకో అని. పనిచేసేవి రెండే: కత్తి పదును, గాలి దిశ. మొండి కత్తి ఉల్లిని కోయదు, నలుపుతుంది, ఆ నలిగిన రసమే కళ్లలోకి కొడుతుంది. ఫ్యాను ఎదురుగా ఉంటే ఘాటంతా మొహానికే. పక్క నుంచి వీచేలా తిప్పుకో.

బిరిస్తాకి, అంటే బిర్యానీలో వేసే వేయించిన ఉల్లికి, ముక్క పల్చగా, ముఖ్యంగా ఒకే మందంలో ఉండాలి. సన్నదీ లావుదీ కలిస్తే, సన్నది మాడేసరికి లావుది ఇంకా తెల్లగానే ఉంటుంది. ఆ మాడు చేదు బిర్యానీ మొత్తానికి పట్టుకుంటుంది. ముక్క చూసి మాస్టర్ అంతలా అరవడం చాదస్తం అనుకుంటారు కానీ ఆయనకి కనిపించేది ముక్క కాదు, రేపటి హండీ.

ఇక అసలు సమస్య. చెయ్యి దానంతటది ఆడుతుంటే మనసు ఖాళీ. ఆ ఖాళీలోకి ఇంటి అప్పు వస్తుంది, చెల్లి పెళ్లి వస్తుంది, ఎవరో అన్న మాట వస్తుంది. అదే లెక్క మళ్లీ మళ్లీ వేస్తూ కూర్చుంటే సాయంత్రానికి చేతులకంటే తల ఎక్కువ అలిసిపోతుంది. గోడ గడియారం చూడకు, టబ్బులు లెక్కపెట్టుకో. టబ్బుకి టబ్బుకి మధ్య లేచి ఒక చుట్టు తిరుగు. చెవిని మాత్రం పొయ్యి దగ్గర కాపలా పెట్టు. కేఓటీ (ఆర్డర్ చీటీ) రాగానే కెప్టెన్ అరుస్తాడు: "పనీర్ బటర్ మసాలా ఒకటి, ముర్గ్‌మసాలా రెండు!" వెంటనే తల తిప్పి మాస్టర్ ఏ డబ్బా మూత తీశాడో చూడు. మెనూలో యాభై కర్రీలున్నా కింద ఉండేవి మూడు నాలుగు గ్రేవీలే: ఉల్లి టమాటా గ్రేవీ, జీడిపప్పు తెల్ల గ్రేవీ, మఖనీ (వెన్న టమాటా గ్రేవీ), పాలకూర ముద్ద. మిగతాదంతా ఏది ఎన్ని గరిటెలు, చివర్లో ఏం చల్లాడు అన్నదే. నేను మెనూ సగం నేర్చుకుంది ఉల్లిపాయలు కోస్తూనే. చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని సినిమా పాటలు వినేవాడికి రోజు తొందరగా గడుస్తుంది, కాదనను. కానీ ఏడాది తర్వాత కూడా అదే బల్ల దగ్గర ఉంటాడు.

మిరపకాయల తొడిమలు తీసేముందు చేతులకి నూనె రాసుకో. అయిపోయాక మళ్లీ నూనెతో రుద్ది, ఆ తర్వాత సబ్బుతో కడుగు. మిరప ఘాటు నీళ్లకి పోదు, నూనెకి పోతుంది. కళ్లు ముట్టుకోకూడదని అందరూ చెబుతారు. బాత్రూంకి వెళ్లేముందు కూడా కడుక్కోవాలని మాత్రం ఎవరూ చెప్పరు, ఒక్కసారికే తెలిసిపోతుంది కాబట్టి. వెల్లుల్లి పొట్టు సంగతి చిన్నది: గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి రుద్దు, వచ్చేస్తుంది.

గిన్నెలు, నేల

క్లీనింగ్‌లో వేస్తే అవమానం అనుకోకు, కానీ ఆరు నెలలు దాటి అక్కడ ఉండకు. ఒంటికి అన్నిటికంటే చెడ్డ పని అదే. అడుగంటిన డేగ్షాని ఖాళీ అవగానే వేడినీళ్లు పోసి వదిలెయ్, గంట తర్వాత జల్లిగరిటతో గీకితే పెచ్చులుగా వస్తుంది. ఆరనిచ్చావా, రెట్టింపు పని. గ్లవ్స్ అడిగి తీసుకో, ఇవ్వకపోతే వంద రూపాయలు పెట్టి నువ్వే కొనుక్కో. సోడా సబ్బుకి గోళ్ల చుట్టూ తోలు లేచిపోతుంది. పడుకునేముందు చేతులూ, కాలివేళ్ల సందులూ తడి లేకుండా తుడిచి, చేతులకి వాజిలీన్ రాసుకో. కాళ్లకి తడి సాక్సులు మధ్యాహ్నం బ్రేక్‌లో మార్చు. వేళ్ల సందులు తెల్లగా నాని పగలడం మొదలైతే నడవడం కూడా కష్టం.

పెద్ద డేగ్షా ఒక్కడివే ఎత్తకు. ఇంకొకర్ని పిలువు, మోకాళ్లు వంచి ఎత్తు. వేడిది పట్టుకుని వెళ్లేటప్పుడు "గరం గరం, సైడ్!" అని గట్టిగా అరువు. కొత్తలో సిగ్గేస్తుంది. సిగ్గుపడ్డవాళ్ల వల్లే ఎదుటివాళ్లు కాలుతారు. ఆవిరి మీదున్న డేగ్షా మూత నీ వైపుకి కాకుండా అవతలి వైపుకి తెరువు. నూనెలో మంట లేస్తే నీళ్లు పోశావంటే మంట చిమ్మి మొహం మీదకొస్తుంది. గ్యాస్ కట్టెయ్, మూత పెట్టెయ్.

కాలితే కుళాయి కింద పెట్టు, ఇరవై నిమిషాలు. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, ఐసు ఏవీ వద్దు. రష్‌లో ఇరవై నిమిషాలు నిలబడనివ్వరు, నాకు తెలుసు. అయినా నిలబడు. బొబ్బ పెద్దదైతే నాలుగు రోజుల పని పోతుంది, అది వాళ్లకీ నష్టమే.

ఒళ్లు

ఏప్రిల్, మే నెలల్లో బయటే నలభై దాటితే, తందూర్ పక్కన ఎంతుంటుందో ఊహించుకో. బాత్రూం దూరమని, మాస్టర్ తిడతాడని నీళ్లు తాగడం మానేసేవాళ్లు చాలామంది. ఆ పని చేయకు. రెండు లీటర్ల బాటిల్ మీద పేరు రాసి బల్ల కింద పెట్టుకో, మధ్యాహ్నానికి ఒకటి, రాత్రికి ఒకటి ఖాళీ అవ్వాలి. ఉప్పేసిన మజ్జిగ దొరికితే ఇంకా మంచిది. ఒంటేలు ముదురు పసుపుగా వస్తుంటే నీళ్లు చాలడం లేదని లెక్క.

నడుం నొప్పికి రోజూ రాత్రి ఒక పెయిన్‌కిల్లర్ మింగి పడుకునే అలవాటు కిచెన్లలో చాలామందికి ఉంటుంది. మెడికల్ షాపువాడు అడగగానే ఇస్తాడు. మాది ఉద్దానం పక్క, కిడ్నీ జబ్బు ఎక్కువున్న ప్రాంతం. కిడ్నీలు పాడైతే ఇల్లు ఏమవుతుందో మా ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023లో ఊరికే రాలేదు. అక్కడి జబ్బుకి కారణాలు వేరే సంగతి. ఆ మాత్రలు రోజూ వేసుకుంటే, అందులోనూ నీళ్లు తక్కువ తాగే ఒంట్లో, కిడ్నీలు దెబ్బతింటాయన్నది మాత్రం డాక్టర్లు ఎవరైనా చెప్పేదే. నొప్పి వారం దాటితే డాక్టర్‌కి చూపించు.

మధ్యాహ్నం బ్రేక్‌లో ముందు నిద్ర, తర్వాతే ఫోను. ఫోను ముందు పట్టుకుంటే రీల్స్‌లోనే ఆరు కొడుతుంది. తిండి రష్ తర్వాత తిందాంలే అనుకోకు. పదకొండున్నరకే స్టాఫ్ మీల్ తినేసి రష్‌కి సిద్ధమవ్వు. రాత్రి పన్నెండింటికి మిగిలిన బిర్యానీ తిని వెంటనే పడుకుంటే కడుపులో మంట ఖాయం.

మనుషులు

హైదరాబాద్ కిచెన్లలో ఒడిశా, బెంగాల్, అస్సాం, బీహార్, నేపాల్ కుర్రాళ్లు సగం పైనే కనిపిస్తారు. హిందీ రాకపోతే మొదటి నెల మూగవాడివి. మా సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చినవాళ్లకి ఒడియా వస్తుంది కాబట్టి కొంచెం నయం. బయటి నుంచి వచ్చిన ఆ కుర్రాళ్లని "హిందీవాళ్లు" అని విడిగా కూర్చోబెట్టే తెలుగు బ్యాచ్‌లో చేరకు. తందూర్, చైనీస్ పని వాళ్ల చేతుల్లోనే ఉంటుంది, నీకు నేర్పాల్సింది వాళ్లే.

మాస్టర్ తిడతాడు. ఒంటిగంటకి తిట్టింది మూడింటికి ఆయనకే గుర్తుండదు, నువ్వూ గుర్తుపెట్టుకోకు. చెయ్యి చేసుకుంటే మాత్రం ఆ నెల జీతం చేతికి రాగానే వేరే చోటు వెతుక్కో. అలాంటిచోట ఎవరూ ఏదీ నేర్పరు.

పని నేర్పమని అడగడానికి ఒక వేళ ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకి, రష్ మొదలవకముందు ఆయన మసాలా డబ్బాలు నింపుకుంటుంటాడు. వెళ్లి ఆ పని నువ్వు చెయ్. ఉప్పు, కారం, గరంమసాలా, కసూరీ మేథీ ఏది ఏ చేతివైపు ఉండాలో తెలుసుకో. నాలుగు రోజులు అడక్కుండా చేస్తే ఐదో రోజు "ఇది తిప్పు రా కాస్త" అంటాడు. అక్కడి నుంచి నీ దారి మొదలు. ఏ సెక్షన్ మంచిదని అడిగితే నా అభిప్రాయం ఇది: తందూర్‌లో జీతం తొందరగా పెరుగుతుంది కానీ చేతుల మీద వెంట్రుక మిగలదు. చైనీస్‌లో మణికట్టు పోతుంది. దోశ పెనం మీద నిలబడేవాడికి ఏ ఊళ్లోనైనా పని దొరుకుతుంది, తెల్లవారుజామున నాలుగింటికి లేవగలిగితే. కర్రీ నిదానం మీద వస్తుంది, వచ్చాక ఎవరూ లాక్కోలేరు.

ఫ్రిజ్‌లో పెట్టే ప్రతి డబ్బా మీదా తేదీ వేసే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకో. 2024లో ఫుడ్ సేఫ్టీవాళ్లు హైదరాబాద్‌లో వరసగా హోటళ్ల మీద పడ్డప్పుడు ఎక్కువగా రాసుకున్నవి ఇవే: తేదీ లేని డబ్బాలు, తలకి క్యాప్ లేని మనుషులు, నీళ్లు నిలిచిన నేల. ఫైన్ ఓనర్‌కి పడుతుంది, తిట్లు హెల్పర్‌కి పడతాయి.

డబ్బు

చిన్న నోటుబుక్ పెట్టుకో. రోజూ ఎక్కిన టైము, దిగిన టైము రాయి, తీసుకున్న ప్రతి రూపాయీ రాయి. చట్టం ప్రకారం వారానికి 48 గంటలు, దాటిన గంటకి రెట్టింపు కూలి. ఏ హోటల్లో ఇస్తున్నారని అడగకు, నేను పనిచేసినచోట ఎక్కడా చూడలేదు. కానీ లెక్క మిగిలిపోయి లేబర్ ఆఫీసుకి వెళ్లాల్సి వస్తే ఆ పుస్తకమే నీ సాక్షి.

పదిమంది, అంతకుమించి పనిచేసే హోటల్, నీ జీతం 21,000 లోపు అయితే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉండాలి. నీ వాటా 0.75 శాతం. 12,000 జీతానికి 90 రూపాయలు, ఓనర్ వాటా 390. ఈ తొంభై రూపాయలు కోస్తున్నారని గొణిగే కుర్రాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో నీకే కాదు, ఇంట్లోవాళ్లకి కూడా వైద్యం దొరుకుతుంది. పనిలో కాలినా తెగినా చేరిన మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. కోసిన డబ్బు కట్టారో లేదో మాత్రం చూసుకోవాలి. నంబర్ అడుగు. పీఎఫ్ కోస్తుంటే యూఏఎన్ (నీ పీఎఫ్ నంబర్) తీసుకుని ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో నెలనెలా పడుతోందా చూడు. నేను చేసిన ఒక హోటల్లో స్లిప్పులో కోత ఉండేది, ఖాతాలో డబ్బు ఉండేది కాదు. అడిగిన తర్వాత నెల నుంచి పడింది. అడగనివాళ్లకి పడలేదు.

ఇవేవీ లేని చిన్న హోటల్ అయితే ఈ-శ్రమ్ కార్డు (అసంఘటిత కార్మికులకి కేంద్రం ఇచ్చేది) తీసుకో, రూపాయి ఖర్చు లేదు.

అడ్వాన్స్ గురించి గట్టిగా చెబుతున్నా. సంక్రాంతికి ఊరెళ్లడానికి పదివేలు అడగగానే ఇస్తారు, సంతోషంగా ఇస్తారు. ఎందుకంటే ఆ పదివేలు తీరేదాకా నువ్వు పక్క హోటల్‌కి పోలేవు, జీతం పెంచమని అడగలేవు, సెక్షన్ మార్చమని అడగలేవు. తీరేలోపు ఇంకో పండగ వస్తుంది. జీతంలోంచి నెలకి వెయ్యి ఊళ్లోని పోస్టాఫీసు ఖాతాలో వేయించుకో, పండక్కి అదే తీసుకో.

మారేటప్పుడు

ఏడాదైనా కటింగ్ నుంచి కదల్చకపోతే అడుగు. రెండోసారి అడిగాక కూడా "చూద్దాంలే" అంటే వేరే చోట చూసుకో. మానేస్తున్నానని జీతం పడకముందు చెప్పకు. పడిన రోజు చెప్పి, పట్టి ఉంచిన జీతం ఎప్పుడిస్తారో తేదీ అడిగి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టించుకో. మాస్టర్‌తో గొడవపడి వెళ్లకు, తర్వాతి హోటల్‌వాళ్లు ఫోన్ చేసేది ఆయనకే.

కొత్తచోట ట్రయల్ పెడతారు. సెకండ్ పనికి వెళ్తే సాధారణంగా ఒక దాల్ తడ్కా, ఒక చికెన్ కర్రీ, ఒక జీరా రైస్ చేయమంటారు. నీ కత్తి నువ్వు తీసుకెళ్లు. ముందు గ్రేవీలు ఒక్కొక్కటీ రుచి చూడు, ప్రతి కిచెన్‌లో ఉప్పు వేరు. పని అయ్యాక బల్ల తుడిచి పెట్టు, వాళ్లు చూసేది రుచికంటే ముందు దాన్నే. ట్రయల్ ఒక పూట అయితే ఊరికే చేయొచ్చు. రెండో రోజు కూడా రమ్మంటే రోజుకూలి ఎంతో తేల్చుకునే వెళ్లు.